గెస్టులు దిగిపోయాక గది సంగతి

నవంబరు చలి మొదలైందంటే శుక్రవారం సాయంత్రాలు మాడుగుల రోడ్డు సందడెక్కుతుంది. విశాఖ నుంచి, అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా వచ్చే కార్లూ బైకులూ ఇక్కడ కాసేపు ఆగుతాయి. గోధుమపాలు, పంచదార, నెయ్యితో వండిన హల్వా పొట్లం కట్టించుకుని, గరికబంద దాటి ఘాట్ ఎక్కుతాయి. పైన పాడేరు. ఇంకాస్త పైకి పోతే వంజంగి మబ్బుల కొండ. అటు అరకు, ఇటు కొత్తపల్లి జలపాతం. ఆదివారం మధ్యాహ్నానికి అవే బళ్లు తిరుగుముఖం పడతాయి. ఫోన్ల నిండా సూర్యోదయాల ఫొటోలు. రాత్రి పడుకున్న గది పొద్దున ఎలా ఉందో మాత్రం వాటిలో ఎక్కడా కనిపించదు. ఆ ఫొటోలు తీసుకునేది గది యజమాని. అవి తీసుకోవడం ఆయనకు సరదా కాదు, అవసరం.

మాడుగుల ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. పైనున్న పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. రెండూ 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా నుంచి విడిపోయినవే. జిల్లాలు వేరైనా పర్యాటకుల దారి ఒకటే. ఆ దారి పొడవునా, కొండమీదా ఒకటి రెండు రోజులకు అద్దెకిచ్చే గదులు, ఇళ్లు, టెంట్లు పుట్టుకొచ్చాయి. 1970 నాటి 1/70 చట్టం వల్ల మన్యంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. కాబట్టి పైన చాలాచోట్ల టెంట్లు వేసేది స్థానిక గిరిజన కుటుంబాల స్థలాల్లోనే. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకం లెక్క ప్రకారం ఒకటి నుంచి ఆరు గదుల వరకు, పన్నెండు మంచాలకు మించకుండా, యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురముంటూ గదులివ్వాలి. అంటే ఇది హోటల్ కాదు. గెస్టు వాంతి చేసుకుంటే ఎత్తడానికి హౌస్‌కీపింగ్ విభాగమంటూ ఏదీ ఉండదు. ఇంటావిడ ఉంటుంది, సాయానికి ఊళ్లోంచి వచ్చే మరో మనిషి ఉంటుంది. పదకొండుకో పన్నెండుకో పాత పార్టీ దిగుతుంది. రెండింటికల్లా కొత్త పార్టీ గేటు దగ్గర ఉంటుంది. జరగాల్సిందంతా ఈ రెండు మూడు గంటల్లోనే జరగాలి.

వాంతి అంటే గుర్తొచ్చింది. ఘాట్ రోడ్డు మలుపులు తిరిగి తిరిగి వచ్చినవాళ్లలో ఒకరిద్దరికి కళ్లు తిరగకుండా ఉండవు. దానికి రాత్రి మందు తోడైతే చెప్పక్కర్లేదు. కొత్తగా గదులు ఇస్తున్నవాళ్లు చేసే మొదటి పని బకెట్ నీళ్లు తెచ్చి గుమ్మరించడం. దాంతో మరక ఇంకా పరుచుకుంటుంది, పరుపులోకి దిగుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు పొడి బూడిదో ఇసుకో రంపపు పొట్టో చల్లుతారు. తడంతా పీల్చుకున్నాక రేకుతో ఎత్తి, సంచిలో కట్టి, ఆ తర్వాతే నీళ్లు వాడతారు. బట్టల సంగతికొస్తే ఇంకో జాగ్రత్త ఉంది. వాంతి, రక్తం, పాలు లాంటి మాంసకృత్తులున్న మరకలకు మొదట వేడినీళ్లు తగలకూడదు. వేడికి ఆ మాంసకృత్తులు గడ్డకట్టి నూలుపోగును పట్టుకుంటాయి, మరక మరి వదలదు. చన్నీళ్లలో నానబెట్టి, రుద్ది, మరక పోయిందని ఖాయం చేసుకున్నాకే వేడినీటి ఉతుకు.

మందు ఎక్కువై కక్కినదో, కడుపులో జబ్బుతో కక్కినదో చూసి చెప్పలేం. రెండోది అయ్యుండవచ్చనే అనుకుని పని చేయడం మంచిది. నోరోవైరస్ అనే సూక్ష్మజీవి వాంతి ద్వారా, విరేచనం ద్వారా ఇట్టే పాకిపోతుంది. 2021 నవంబరులో కేరళలోని వయనాడ్ జిల్లా పూకోడ్ పశువైద్య కళాశాల విద్యార్థుల్లో అది బయటపడింది. వయనాడ్ కూడా హోంస్టేలకు పేరున్న కొండ ప్రాంతమే. కొవిడ్ రోజుల్లో అందరికీ అలవాటైన చేతికి రాసుకునే శానిటైజర్ ఈ వైరస్ మీద పెద్దగా పనిచేయదు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, నేలను క్లోరిన్ నీళ్లతో తుడవాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పే మోతాదు 1,000 నుంచి 5,000 పీపీఎం. పంచాయతీ వాళ్లు బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్‌లో మంచి సరుకైతే సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్లకు మూడున్నర గ్రాములు కలిపితే సుమారు 1,000 పీపీఎం వస్తుంది. అసలు వాంతి పడ్డ చోటికి ఐదు రెట్లు చిక్కగా కలపాలి. తుడిచిన వెంటనే ఆరబెట్టకుండా కొన్ని నిమిషాలు తడిగా వదిలేయాలి. డబ్బా మూత తీసి ఏడాదిగా మూల పడున్న పౌడరైతే వాసనే తప్ప బలం ఉండదు.

ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. కంపు పోవాలన్న ఆత్రంలో బాత్‌రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద టాయిలెట్ క్లీనర్ పోస్తుంటారు. కమోడ్ కడిగే ద్రావకాల్లో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆమ్లం, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసి ఉన్న చిన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పోసినా, అందులోని అమ్మోనియాతో కలిసి మరో విషవాయువు వస్తుంది. కాబట్టి మూత్రమైతే ముందు నీళ్లతో కడిగేయాలి, తర్వాతే మందు. గది శుభ్రం చేసే మనిషికి యజమాని చెప్పాల్సిన మొదటి మాట ఇది. చాలామంది చెప్పేది మాత్రం ‘తొందరగా కానియ్’ అన్న మాటే.

కొన్ని మరకలు మన తెలుగిళ్ల సొంతం. విదేశీ హోటళ్ల పుస్తకాల్లో వాటి ప్రస్తావన దొరకదు. దిండు గలీబుల మీద కొబ్బరి నూనె, దుప్పటి అంచున గోరింటాకు, తువ్వాలు మీద కాటుక, మంచం పక్కన సాంబారు. వీటిలో చిత్రమైనది పసుపు. కూర ఒలికిన తెల్లదుప్పటికి సబ్బు రాయగానే పచ్చటి మరక ఎర్రగా తిరుగుతుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లలు రక్తమేమోనని హడలిపోతారు. పసుపు, సున్నం కలిపి పారాణి చేసుకునే ఇళ్లలో ఇది ఆశ్చర్యపోవాల్సిన విషయం కాదు. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. దానికి మందు డబ్బాలో లేదు, ఆకాశంలో ఉంది. కుర్కుమిన్ ఎండకు ఆగదు. సబ్బుతో ఉతికి ఒకటి రెండు రోజులు నిండు ఎండలో ఆరేస్తే మరక దానంతటదే వెలిసిపోతుంది.

మన్యంలో చిక్కంతా ఆ ఎండతోనే. గెస్టులు వచ్చేది డిసెంబరు, జనవరిలో. ఆ రోజుల్లో లంబసింగి వైపు, పాడేరు వైపు పొద్దెక్కేదాకా మంచు వీడదు. మందపాటి రగ్గు ఉతికితే రెండు రోజులకు గాని ఆరదు. ఆరకుండా మడత పెడితే ముక్క వాసన. అందుకే కాస్త ముందుచూపు ఉన్నవాళ్లు మంచానికి మూడేసి జతలు కొంటారు. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. బరువైన రగ్గుకు పలచటి నూలు గలీబు తొడిగి, గెస్టు మారినప్పుడల్లా గలీబును మాత్రమే మారుస్తారు. పరుపు మీద, దుప్పటి కింద, పసిపిల్లల మంచానికి వేసేలాంటి రబ్బరు షీటో నీళ్లు దిగని కవరో పరుస్తారు. ఆ కవరు ఖర్చు కొన్ని వందలు. అది లేక పాడైన పరుపు ఖర్చు వేలు. పరుపులోకి దిగిన మూత్రం పైకి ఆరినట్టే ఉంటుంది కాని, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ కంపు కొడుతుంది. అందులోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలు నీళ్లకు, సబ్బుకు కరగవు. వాటిని విరిచే ఎంజైమ్ ద్రావకాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాతకాలం పద్ధతిలో తినే సోడా చల్లి రాత్రంతా వదిలేసి దులిపినా కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు.

దుప్పట్ల రంగు మీద కూడా రెండు మతాలున్నాయి. మరక కనిపించకుండా ముదురు పువ్వుల దుప్పట్లు వేసేవాళ్లు కొందరు. హోటళ్లు తెల్లవి వేయడానికి కారణం వేరు. తెల్లదాన్ని ఉడకబెట్టొచ్చు, బ్లీచింగ్‌లో వేయొచ్చు, రంగు వెలుస్తుందన్న బెంగ లేదు. మరక దాచడం కంటే కనిపించేలా ఉంచడమే గెస్టుకు నమ్మకం కలిగిస్తుందన్నది వాళ్ల లెక్క. ఈ విషయంలో హోటళ్లదే సరైన దారి. దానితోపాటు బాత్‌రూమ్‌లో ఒక నల్ల తువ్వాలు వేలాడదీస్తే కాటుక, జుట్టు రంగు తెల్లవాటికి అంటవు.

సిగరెట్ వాసన గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. కిటికీలు తెరవాలి, కర్టెన్లు ఉతకాలి, గోడలు సబ్బునీళ్లతో తుడవాలి. అగరొత్తులు వెలిగిస్తే రెండు వాసనలు కలిసి మూడోది పుడుతుంది, అంతే. గుట్కా ఉమ్ములు అంతకంటే మొండివి. కాచు, సున్నం కలిసిన ఆ ఎరుపు సున్నం గోడకు పట్టిందంటే గీకి మళ్లీ రంగు వేయాల్సిందే.

గదిలో కనబడే గలీజు కంటే కనబడకుండా పోయేది ఖరీదైనది. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, తడి తుడుపు కాగితాలు కమోడ్‌లో వేసి నీళ్లు వదిలేస్తారు. పట్నంలో అయితే అవి డ్రైనేజీలోకి పోయి మునిసిపాలిటీ తలనొప్పి అవుతాయి. కొండమీది ఇళ్లకు ఉన్నది సెప్టిక్ ట్యాంకు. పైపు పూడుకుపోతే ఎవరో దిగి తీయాలన్న ఆలోచన ఇంకా పోలేదు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. అలా దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. యంత్రం ఉన్న లారీని పిలిపించడమే దారి. అది ఘాట్ ఎక్కి రావడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే కమోడ్ పక్కన మూతున్న డబ్బా, దాని మీద పాత న్యూస్‌పేపర్ల కట్ట పెట్టడం ఏపాటి? 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కూడా ప్యాడ్లు, డైపర్లు విడిగా చుట్టి పొడిచెత్త డబ్బాలో వేయాలనే అన్నాయి. ‘ఇందులో వేయకండి’ అని గోడ మీద రాసేవాళ్లు బోలెడుమంది. ఎందులో వేయాలో చూపించేవాళ్లు తక్కువ.

ఈ పనంతా చేసే మనిషి గురించి గదులు బుక్ చేసే యాప్‌లలో ఒక్క ముక్క ఉండదు. సాధారణంగా ఆమెకు రోజుకూలీ. తడిగుడ్డ పెట్టే గదికీ, రాత్రంతా తాగి పాడుచేసిన గదికీ ఒకటే లెక్క. సిరంజీలు, పగిలిన సీసాలు, ఎవరిదో తెలియని రక్తం ఉన్న గదిలోకి ఉత్త చేతులతో పంపే ఇళ్లున్నాయి. గాజు పెంకుల్ని చేత్తో ఏరకూడదు. రెండు అట్టముక్కలతో ఎత్తి, మిగిలిన నలుసుల్ని తడిగుడ్డతో అద్ది, అన్నీ పేపర్‌లో చుట్టి పైన ‘గాజు’ అని రాయాలి. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లోవ్స్, కాళ్లకు బూట్లు, టీటీ, హెపటైటిస్-బి టీకాలు. ఇవి ఆస్పత్రుల్లో ఎందుకు అవసరమో ఇక్కడా అందుకే అవసరం. పద్ధతి తెలిసిన యజమానులు ముందే మాట్లాడుకుంటారు: మామూలు గదికి ఇంత, కక్కు ఎత్తాల్సి వస్తే పైన ఇంత. గెస్టు దగ్గర డబ్బు వసూలైనా కాకపోయినా అది ఇచ్చేస్తారు. ఇంట్లోవాళ్లు ముట్టని పనిని ఎవరిచేత చేయిస్తున్నారన్నది మన దగ్గర చిన్న ప్రశ్న కాదు.

ఇక డబ్బు. ఇళ్లు, గదులు అద్దెకిప్పించే కంపెనీ ఎయిర్‌బీఎన్‌బీ 2008లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. మూడేళ్లకే, 2011లో, అదే ఊళ్లో ఒక మహిళ అద్దెకిచ్చిన ఇంటిని అతిథులు ధ్వంసం చేసి దోచుకుపోయారు. ఆమె రాసింది దేశమంతా చదివింది. అప్పుడుగాని కంపెనీ 50,000 డాలర్ల హామీ ప్రకటించలేదు. మరుసటి ఏడాది దాన్ని పది లక్షల డాలర్లు చేసింది. 2015 ఏప్రిల్‌లో కెనడాలోని కాల్గరీలో ఒక కుటుంబం తమ ఇంటిని నలుగురికని ఇస్తే, వారాంతానికి వంద మంది దాకా చేరి పార్టీ చేసుకున్నారు. శుభ్రం చేయడానికి తెల్లటి రక్షణ దుస్తులు వేసుకున్న మనుషులు రావాల్సి వచ్చింది. 2020 ఆగస్టులో పార్టీలపై తాత్కాలికంగా పెట్టిన నిషేధాన్ని కంపెనీ 2022లో శాశ్వతం చేసింది. అదే ఏడాది నష్టపరిహారం హామీని ముప్ఫై లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లింది. దేశాన్ని బట్టి షరతులు మారతాయి. మామూలు పద్ధతి ఏమిటంటే, గెస్టు దిగిన 14 రోజుల్లోపు యజమాని ఫొటోలు, బిల్లులతో అర్జీ పెట్టాలి. ముందు గెస్టునే అడగాలి, అతను 24 గంటల్లో ఒప్పుకోకపోతే కంపెనీ చూస్తుంది.

అందుకే ఆ ఫొటోలు. గెస్టు రాకముందు ఒకసారి, దిగిన వెంటనే చీపురు ముట్టకముందు మరోసారి, తేదీ, సమయం పడేలా తీయాలి. ముందు శుభ్రం చేసేసి తర్వాత గొడవపడితే చేతిలో రుజువేదీ ఉండదు.

అయితే పాడేరు, వంజంగి వైపు చాలా గదులు యాప్ ద్వారా పోవు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఫోన్ చేస్తారు, ఫోన్‌పేలో అడ్వాన్స్ వేస్తారు. గొడవొస్తే మధ్యవర్తి లేడు. పైగా ఇంట్లో దిగినవాళ్లను చుట్టాలుగా చూసే అలవాటు ఒకటి. రాత్రి బొంగులో చికెన్ వండిపెట్టి, పొద్దున టీ ఇచ్చి, ‘పరుపు పాడుచేశారు, రెండు వేలు ఇవ్వండి’ అనడానికి నోరు రాదు. ‘పోన్లెండి బాబూ’ అనేసి, లోపలికెళ్లి తిట్టుకుంటారు. ఈ మొహమాటానికి తెలుగునేల మీదే ఎప్పుడో మందు కనిపెట్టారు. తిరుమలలో సుమారు 7,500 గదులున్నాయి. గది తీసుకునే భక్తులు అద్దెతోపాటు కాషన్ డిపాజిట్ కట్టాలి. ఖాళీ చేశాక అది వెనక్కి వస్తుంది. అక్కడ ఎవరూ దాన్ని అవమానంగా అనుకోరు, భక్తి తక్కువైందనీ అనరు. దిగేటప్పుడే వెయ్యి రూపాయల డిపాజిట్, దేనికెంత పట్టుకుంటారో చెప్పే ఒక తెలుగు కాగితం ఉంటే, పొద్దున అడగాల్సిన మాట రాత్రే అయిపోతుంది. రక్తపు మరకకూ పసిపిల్లాడు పక్క తడిపినందుకూ డబ్బు పట్టుకోకపోవడం మర్యాద. సిగరెట్‌తో కాల్చిన పరుపుకు, విరిగిన తలుపుకు పట్టుకోకపోవడం మర్యాద కాదు, నష్టం.

నాలుగు గోడల మధ్య గలీజుకు కనీసం ఒక యజమాని ఉంటాడు. టెంట్ల దగ్గర, కొండ అంచున అదీ లేదు. క్యాంప్‌ఫైర్ బూడిద, కోడి ఎముకలు, కాలిన బొంగులు, బీరు సీసాలు, నీళ్ల బాటిళ్లు. 2022 జూలై 1 నుంచి దేశమంతా ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. నీళ్ల బాటిల్ ఆ జాబితాలో లేదు. మాడుగుల కొండల్లో పుట్టే శారదా నది అనకాపల్లి మీదుగా సముద్రానికి పోతుంది. వర్షాలొచ్చాక ఈ వాలులో వాగుల్లోకి కొట్టుకొచ్చేది కింది పొలాలకే చేరుతుంది. జపాన్‌లో ఇంటిని ఇలా అద్దెకిస్తే గెస్టుల చెత్తను ఇంటిచెత్తగా చూడరు. అది వ్యాపార వ్యర్థం, దాన్ని డబ్బిచ్చి తీయించే బాధ్యత యజమానిదే. ఇక్కడ టెంటుకు అద్దె తీసుకునేటప్పుడు వ్యాపారం, చెత్త దగ్గరకొచ్చేసరికి పంచాయతీ పని. ఈ తేడాను ఎవరో ఒకరు సరిచేయక తప్పదు. కిందికి దిగే బండిలో ఒక గోనెసంచి సీసాలు పట్టవా?

చివరగా రివ్యూ. ఎయిర్‌బీఎన్‌బీలో యజమాని కూడా గెస్టుకు మార్కులు వేస్తాడు, అందులో శుభ్రత ఒక అంశం. ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజులు గడిచేదాకా ఒకరిది మరొకరికి కనబడదు. కాబట్టి కక్షతో తిరిగి రాస్తారన్న భయం అక్కర్లేదు. అయినా చాలామంది మంచి మాటే రాసేసి చేతులు దులుపుకుంటారు. ఆ మనిషి వచ్చే వారం మరో ఇంట్లో దిగుతాడు. ఫోన్ బుకింగుల్లో రివ్యూలు లేవు కనుక కొన్నిచోట్ల యజమానులు వాట్సాప్ గ్రూపుల్లో హెచ్చరికలు పంపుకుంటారు. ‘ఫలానా తేదీన వచ్చిన పార్టీ గది పాడుచేసింది’ అన్నంతవరకు పర్వాలేదు. దానికి గెస్టు ఆధార్ కాపీ జతచేసి పంపడం మాత్రం ఎంత కోపంలోనూ చేయకూడని పని. గుర్తింపు కోసం తీసుకున్న పత్రాన్ని మరో పనికి వాడటం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశానికే విరుద్ధం. అసలు పూర్తి నంబరున్న కాపీ తీసుకోవాల్సిన అవసరమే లేదు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సంస్థ వెబ్‌సైట్ నుంచి గెస్టే తీసి ఇవ్వగలడు.